బండి మీద ఒంటరిగా కొరాపుట్‌కి: సాలూరు ఘాటీ దాటే మొదటి రోజు

మాది జయపురం, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా. మా తాతగారు సాలూరు నుంచి ఉప్పు, ఎండుచేపలు ఎడ్లబండి మీద కొండెక్కించి అమ్మేవారు, చివరికి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆ దారిలో నేను బస్సులో, లారీలో, కారులో, బండి మీద తిరిగాను. చలికాలం మొదలయ్యేసరికి కింద ఉన్న చుట్టాల పిల్లలు ఫోన్లు చేస్తారు. "మావయ్యా, ఒక్కణ్ణే బండి మీద వద్దామనుకుంటున్నాను, ఘాటీ ఎలా ఉంది?" అని. మొన్న విజయనగరం నుంచి నా మేనల్లుడు అడిగినప్పుడు ఫోన్లో చెప్పలేక కూర్చుని రాశాను. విశాఖ, విజయనగరం వైపు నుంచి మొదటిసారి రాష్ట్రం దాటి ఒంటరిగా వచ్చేవాళ్ళందరికీ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. మొదటి రోజు వెలుతురుండగానే బండికి స్టాండు వేసేయాలి. ఎన్ని కిలోమీటర్లు కొట్టారన్నది తర్వాత సంగతి. కింద రాసినవన్నీ ఆ ఒక్క పని కుదరడానికే.

1. ముందు దారి తేల్చుకోండి

విశాఖ నుంచి కొరాపుట్‌కి దాదాపు 200 కిలోమీటర్లు. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు, అక్కడి నుంచి ఘాటీ ఎక్కి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, ఆపైన కొరాపుట్. ఇది 26వ నంబరు జాతీయ రహదారి. నాతవలస దగ్గర మొదలై ఒడిశాలోని బర్‌గఢ్ దాకా పోతుంది. పాత నంబరు 43. లారీ డ్రైవర్లు, మెకానిక్కులు ఇప్పటికీ "ఫార్టీ త్రీ" అనే అంటారు, ఎవరైనా అలా చెబితే వేరే రోడ్డేమో అని కంగారుపడకండి.

రెండో దారి అరకు మీదుగా పాడువా, నందపురం నుంచి సెమిలిగుడకి వచ్చేది. అందమైన దారి, కాదనను. కానీ మలుపులు ఎక్కువ, వాటి మధ్య ఊళ్ళు తక్కువ. మొదటి రోజుకి అది వద్దు. తిరుగు ప్రయాణానికి దాచుకోండి, అప్పటికి కొండ రోడ్డు చేతికి అలవాటవుతుంది.

మ్యాపులో గమ్యం కొట్టేటప్పుడు మా ఊరి పేరు జాగ్రత్త. ఉత్త "జైపూర్" అని కొడితే ఫోను రాజస్థాన్‌కి దారి చూపిస్తుంది. పక్కన "ఒడిశా" అని తప్పకుండా చేర్చండి. ఇంట్లో వైఫై ఉండగానే విజయనగరం నుంచి జయపురం దాకా మ్యాపును ఫోన్లోకి దింపుకోండి. ఘాటీలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు అదే ఊపులో కొరాపుట్ దాకా కొట్టేద్దామని చూడొద్దు. విశాఖలోనో విజయనగరంలోనో ఒక రాత్రి పడుకోండి. మీ మొదటి రోజు మర్నాడు పొద్దున్న మొదలైనట్టు లెక్క.

2. కాగితాలు: వేరే రాష్ట్రమని కొత్తవేమీ అక్కర్లేదు, ఉన్నవి మాత్రం సరిగ్గా ఉండాలి

సొంత బండికి ఒడిశాలో తిరగడానికి విడిగా పర్మిట్ గానీ, నాలుగు రోజుల ప్రయాణానికి పన్ను గానీ లేదు. ఒక రాష్ట్రంలో రిజిస్టరయిన బండిని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచుకుంటేనే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. మీకు కావలసినవి నాలుగే: లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజీలాకర్‌లో గానీ ఎం పరివాహన్‌లో గానీ చూపిస్తే చట్టం ప్రకారం చెల్లుతుంది. అయినా జిరాక్సులు ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు కింద ఉంచండి. ఫోను ఛార్జింగ్ అయిపోయి, సిగ్నల్ లేనిచోట ఆపారనుకోండి, ఆ కవరే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది.

నాలుగింట్లో మనవాళ్ళు చిన్నచూపు చూసేది పొల్యూషన్ సర్టిఫికెట్‌ని. అది లేకపోతే జరిమానా పదివేల రూపాయల దాకా ఉంటుంది. ఇన్సూరెన్సు లేకుండా మొదటిసారి దొరికితే రెండువేలు. హెల్మెట్ లేకపోతే వెయ్యి, దానితో పాటు మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టే వీలూ చట్టంలో ఉంది. బయల్దేరే ముందు వారం తేదీలన్నీ ఒకసారి చూసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఊరి బంకులోనే అయిపోయే పని.

బండి మీది కాకపోతే? స్నేహితుడిదైతే అతని ఆధార్ జిరాక్సు, "నా బండి ఫలానావారికి ఇచ్చాను" అని సంతకంతో ఒక చీటీ తీసుకోండి. ఎందుకో చెక్‌పోస్టు దగ్గర చెబుతాను. అద్దె బండి, అంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నది తీసుకుంటే, రాష్ట్రం దాటడానికి అనుమతి ఉందో లేదో వాళ్ళ ఒప్పంద పత్రంలో చదవండి. నోటిమాట సరిపోదు.

బండికి చలానా పడిందని వాట్సాప్‌లో ఏదైనా ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే ముట్టుకోకండి, అది మోసం. చలానా ఉందో లేదో పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు.

3. బండి, సామాను

కొత్త టైరు, కొత్త బ్రేకు షూలు వేయించాలంటే ప్రయాణానికి పది రోజుల ముందే వేయించండి, ముందురోజు సాయంత్రం కాదు. మెకానిక్ చేసిన పనిలో లోపముంటే అది మీ ఊళ్ళో బయటపడాలి, కొండ మీద కాదు. చెయిన్ బిగువు, బ్రేకులు, హెడ్‌లైటు, వెనక ఎర్ర లైటు చూడండి. ఈ ఎర్ర లైటు సంగతి ఎవరికీ గుర్తుండదు. పొగమంచులో వెనక వచ్చే లారీకి మీరున్నారని తెలిసేది దాని వల్లే.

సామాను తక్కువ తెచ్చుకోండి. స్పేర్ క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, టార్చి, రెయిన్‌కోటు, రెండు లీటర్ల నీళ్ళు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే చేతి తొడుగులు, మంకీ క్యాపు. విజయనగరంలో ఉక్కపోస్తోందని స్వెట్టరు ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్ళని ఎంతోమందిని చూశాను. సెమిలిగుడలో డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందకి పడిపోతుంది. స్వెట్టరు మరిచిపోతే చొక్కాకీ జాకెట్టుకీ మధ్య న్యూస్ పేపరు పరుచుకోండి, ఛాతీకి గాలి తగలదు. మా నాన్న నేర్పిన ఉపాయం.

దోమల మందు కూడా పెట్టుకోండి. దక్షిణ ఒడిశా జిల్లాలు మలేరియా ఉన్న ప్రాంతం. ఇంటికి వెళ్ళాక నెల లోపు జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకుని, కొరాపుట్ వెళ్ళొచ్చానని డాక్టరుకి ముందే చెప్పండి.

డబ్బు: యూపీఐ అన్నిచోట్లా ఉంది, సిగ్నలే అన్నిచోట్లా లేదు. వందలు, యాభైలు, ఇరవైలుగా రెండువేల దాకా నగదు ఉంచుకోండి. అందులో సగం పర్సులో కాకుండా వేరేచోట.

4. ఇంట్లోవాళ్ళతో ఒప్పందం

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇది బండి సర్వీసింగు అంత ముఖ్యం. "చేరాక ఫోన్ చేస్తాను" అని చెప్పి వచ్చేస్తే కుదరదు. మధ్యలో నాలుగు గంటలు మాట లేకపోతే అమ్మ ప్రాణం ఎక్కడుంటుందో ఆలోచించండి. మూడు చోట్లు ముందే అనుకోండి: సాలూరు, సెమిలిగుడ, కొరాపుట్. ప్రతి చోటా ఆగి మెసేజి పెట్టాలి. వాట్సాప్ వెళ్ళకపోతే మామూలు ఎస్సెమ్మెస్. సాలూరు మెసేజి తర్వాత నాలుగు గంటల్లో సెమిలిగుడ మెసేజి రాకపోతే ఇంట్లోవాళ్ళు ముందు మీకు, తర్వాత 112కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు గంటల లెక్క కాగితం మీద రాసి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి.

లైవ్ లొకేషన్‌ని నమ్ముకోవద్దు. సిగ్నల్ పోయిన చోటే అది ఆగిపోతుంది, మీరు ఘాటీలో ఎక్కడో ఆగిపోయారని ఇంట్లో అనుకుంటారు.

ఫోను లాక్ స్క్రీన్ మీద మీ బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు కనబడేలా పెట్టండి. జాతీయ రహదారి మీద ఏదైనా అయితే 1033, అంబులెన్సుకి 108. రెండూ ఒడిశాలోనూ పనిచేస్తాయి. కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1943లో బరంపురం జైల్లో ఉరి తీసిన ఈ జిల్లా స్వాతంత్ర్య యోధుడి పేరది.

5. బయల్దేరే గంట

విశాఖ నుంచి అయితే ఉదయం ఐదున్నర, విజయనగరం నుంచి అయితే ఏడు. అంతకంటే ముందు బయల్దేరితే పల్లెల దగ్గర చీకట్లో పశువులు, లైట్లు లేని సైకిళ్ళు. అంతకంటే ఆలస్యమైతే కొరాపుట్ దగ్గర సందె పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. డిసెంబరు మొదట్లో కొరాపుట్‌లో సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. కొండల మధ్య రోడ్డు మీద వెలుతురు అంతకంటే అరగంట ముందే పోతుంది. అందుకని నాలుగు గంటలకి బండి ఆగి ఉండాలి.

విజయనగరంలో టిఫిను చేయండి. రామభద్రపురం కూరగాయల మార్కెట్టు ఊరు. పొద్దున్నపూట వంకాయ బస్తాలతో ఆటోలు, మినీ లారీలు రోడ్డుకి అడ్డంగా తిరుగుతుంటాయి, నెమ్మదిగా దాటండి. అక్కడే దారి చీలుతుంది. బొబ్బిలి, పార్వతీపురం వైపు కాకుండా సాలూరు వైపు తిరగాలి. రామభద్రపురం దాకా రోడ్డు సాఫీగా ఉంటుంది కాబట్టి చెప్పడానికి ఇంకేం లేదు, గంటకోసారి ఆగి నీళ్ళు తాగండి చాలు.

6. సాలూరు: కొండ కింద చివరి పెద్ద ఊరు

వేగావతి ఒడ్డున ఉన్న ఈ ఊరు లారీల ఊరు. ఇంటికో లారీ, వీధికో మెకానిక్ అన్నట్టు ఉంటుంది. బండిలో ఏ చిన్న శబ్దం వచ్చినా ఇక్కడే చూపించండి. కొండ మీద కూడా మెకానిక్కులు ఉన్నారు, కానీ ఘాటీ మధ్యలో లేరు.

ఇక్కడ చేయాల్సినవి: ట్యాంకు నిండా పెట్రోలు, టైర్లలో గాలి, చెయిన్‌కి ఆయిలు, ఇంటికి మెసేజి, పదిహేను నిమిషాల విశ్రాంతి. టీ కొట్టు దగ్గర కొండ దిగి వచ్చిన లారీ డ్రైవరు ఎవరైనా ఉంటే "అన్నా, పైన మంచు ఉందా, రోడ్డు ఎక్కడైనా తవ్వేశారా?" అని అడగండి. గంట క్రితం ఆ రోడ్డు మీద ఉన్న మనిషి చెప్పేదానికి మించిన సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు. వానాకాలమైతే కొండచరియలు విరిగిపడ్డాయా అని కూడా అడగాలి. పడ్డాయంటే ఆ పూటకి సాలూరులోనే ఉండిపోండి. మీ ప్లాను ఒక్క రోజు జరుగుతుంది, అంతే.

పదిన్నరకి సాలూరు వదిలితే సరిగ్గా ఉంటుంది. చలికాలం పొద్దుటి మంచు అప్పటికి చాలావరకు విడిపోతుంది.

7. చెక్‌పోస్టులు, ఆ మూట సంగతి

ఆంధ్ర వైపు పాచిపెంట మండలం పి.కోనవలస దగ్గర చెక్‌పోస్టు ఉంది, అవతల సుంకి వైపు ఒడిశావాళ్ళది. ఎక్కేటప్పుడు సాధారణంగా కాగితాలు చూసి పంపేస్తారు. దిగేటప్పుడు సామాను విప్పి చూడటం మామూలే. ఈ కొండల మీదుగా గంజాయి రవాణా జరుగుతుందన్నది పోలీసులకీ తెలుసు, మనకీ తెలుసు. అందుకే స్నేహితుడి బండి అయితే చీటీ ఉంచుకోమన్నాను.

ఇది నేను చేతులు పట్టుకుని చెబుతున్న మాట: ఎవరైనా, ఎంత మంచివాళ్ళలా కనబడినా, "బాబూ, ఈ సంచి సాలూరు బస్టాండులో మావాడికి ఇచ్చెయ్యి" అంటే తీసుకోకండి. లిఫ్ట్ ఇచ్చిన మనిషి సంచి మీ బండికి కట్టించుకోకండి. అందులో ఏముందో మీకు తెలియదని తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం, కేసు మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ కింద పడితే బెయిలు కూడా కష్టం. ఒంటరిగా వచ్చే కుర్రవాళ్ళనే ఇలా అడుగుతారు, వాళ్ళ తరఫున మాట్లాడే మనిషి పక్కన ఉండడు కాబట్టి. ముసలివాళ్ళకీ, పిల్లలున్నవాళ్ళకీ సాయం చేయాలనిపిస్తే ఆగి వచ్చే ఆటో ఎక్కించండి, డబ్బులు మీరివ్వండి.

మద్యం సీసాలు కూడా రాష్ట్రం దాటించొద్దు. ఎక్సైజువాళ్ళు పట్టుకుంటే రోజు అక్కడే అయిపోతుంది.

ఆపినప్పుడు హెల్మెట్ తీసి, ఇంజను ఆపి, ముఖం కనబడేలా నిలబడి జవాబు చెప్పండి. "ఎక్కడికి? ఎందుకు? ఒక్కడివేనా?" అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెబితే రెండు నిమిషాల పని.

8. ఘాటీ

సాలూరు సముద్రమట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, కొరాపుట్ సుమారు 870 మీటర్లు. అంటే ఈ ఒక్క మధ్యాహ్నం మీ బండి ఏడువందల మీటర్లకి పైగా ఎక్కాలి.

ఎక్కేటప్పుడు గేరు ముందే తగ్గించండి. మలుపులోకి వెళ్ళాక, ఇంజను ముక్కుతున్నప్పుడు తగ్గిస్తే బండి ఊగుతుంది. మలుపు కనబడగానే రెండో గేరు, అదే గేరులో మలుపు మొత్తం, నిటారైన చోట్ల మొదటి గేరు. దిగేటప్పుడూ అంతే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్ వేసి పెట్రోలు ఆదా చేద్దామనుకుంటే బ్రేకులు కాగి పట్టు తప్పుతాయి.

గుడ్డి మలుపు ప్రతిదానికీ హారను కొట్టండి, ఎడమ అంచు వదలకండి. పెద్ద లారీలు మలుపు తిరగడానికి మీ సగం రోడ్డు కూడా వాడుకుంటాయి, అది వాళ్ళ తప్పు కాదు, బండి పొడవు అంత. మలుపుకి ముందు లారీ వస్తున్న చప్పుడు వినబడితే ఆగిపోండి. ఇరుకు చోట ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం. కానీ నిండు లోడుతో దిగుతున్న లారీ ఎదురైతే నియమం గురించి ఆలోచించకండి, మీరే పక్కకి తప్పుకోండి.

ముందున్న లారీ కుడి ఇండికేటరు వేస్తే కొందరు డ్రైవర్ల భాషలో "వెళ్ళిపో" అని, కొందరిది "నేను కుడికి తిరుగుతున్నాను" అని. రెండర్థాల ఆ సైగని నమ్మి ఎప్పుడూ దాటకండి. మీ కళ్ళకి ఖాళీ రోడ్డు కనబడాలి.

రోడ్డు మీద నల్లగా మెరిసే మరకలు చూసుకోండి. మలుపుల్లో లారీ ట్యాంకుల నుంచి డీజిలు ఒలుకుతుంది, వాన చినుకు పడితే అక్కడ టైరు నిలవదు. కోతులు కనబడితే ఆగి బిస్కెట్లు వేయకండి. అవి రోడ్డు మీదకి రావడం నేర్చుకుని లారీల కింద పడుతున్నాయి.

ఫొటో కోసం ఆగాలంటే మలుపులో కాదు, రోడ్డు వెడల్పుగా ఉండి రెండు వైపులా వంద అడుగులు కనబడే చోట.

ఇక పొగమంచు. చాలా ఏళ్ళ కిందట నేను మొదటిసారి ఒంటరిగా బండి మీద విజయనగరం నుంచి బయల్దేరిన రోజు పదకొండు దాటింది. చుట్టాలింట్లో భోజనం, ఇంకోచోట కబుర్లు. సుంకి దగ్గరికి వచ్చేసరికి సందె చీకటి, దానికి తోడు మంచు. హై బీమ్ వేశాను, ఎదురుగా తెల్లటి గోడ లేచింది. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టింది. రోడ్డు అంచు ఎక్కడో, లోయ ఎక్కడో తెలియలేదు. అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ముందు పోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు కిందకి దిగి, "ఏటి బాబూ, ఒక్కుడివే ఎల్లిపోతన్నావేటి? నా ఎనకాలే వొచ్చీ, ఎర్ర లైటు సూసుకుంటా" అన్నాడు. పొట్టంగి దాకా నడకంత వేగంతో తీసుకెళ్ళాడు. టీ తాగుదాం రమ్మంటే "లోడు దించాల" అని వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేకపోయాను.

ఆ రోజు నేను నేర్చుకున్నవి: మంచులో లో బీమే వాడాలి. అద్దం ఒక వేలు వెడల్పు తెరిచి ఉంచితే ఆవిరి పట్టదు. రోడ్డు ఎడమ అంచు తెల్ల గీత మీద చూపు నిలపాలి, ఎదురు లైట్ల మీద కాదు. గీత కూడా కనబడకపోతే రోడ్డు దిగి, ఊరు గానీ హోటలు గానీ ఉన్న చోట ఆగాలి. రోడ్డు పక్కనే ఆగి లైటు వేసుకుని కూర్చుంటే వెనకవాడు అదే రోడ్డనుకుని మీ మీదకే వస్తాడు.

9. సరిహద్దు దాటాక

సరిహద్దు దగ్గర గేటు, గంట ఏమీ ఉండవు. బండ్ల నంబర్లు "ఏపీ" నుంచి "ఓడీ 10" కి మారతాయి, బోర్డుల మీద అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి కానీ చదవబోతే అందవు. మైలురాళ్ళు మాత్రం దేశమంతా ఒకటే. నెత్తిన పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. దారి తప్పానేమో అని అనుమానమొస్తే రాయి రంగు చూడండి. పసుపు పోయిందంటే 26 వదిలేశారన్నమాట.

ఈ సరిహద్దు గీత అంత స్థిరమైనదేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. సాలూరు, పొట్టంగి మధ్య కొటియా ప్రాంతంలోని ఇరవై ఒక్క గ్రామాలు తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టుదాకా వెళ్ళాయి. అక్కడివాళ్ళకి రెండు వైపుల రేషన్ కార్డులూ ఉన్నాయి. ఆ ఊళ్ళు చూడాలన్న ఉబలాటం ఉంటే మరో రోజు, తెలిసినవాళ్ళతో వెళ్ళండి. మొదటి రోజు హైవే వదలొద్దు.

భాష గురించి భయపడకండి. పొట్టంగి నుంచి జయపురం దాకా కొట్లలో, హోటళ్ళలో తెలుగు నడుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ మా జయపురం మహారాజే, తెలుగులోనూ ఒడియాలోనూ పండితుడు. అయినా నాలుగు ఒడియా మాటలు వస్తే మనుషులు ఇంకా ఆప్యాయంగా మాట్లాడతారు. "నమస్కార్" చాలు మొదలుపెట్టడానికి. పెద్దాయనైతే "భాయినా", పెద్దామె అయితే "మావుసి". ఎంత అనడానికి "కెతే", నీళ్ళు "పాణి", నేరుగా "సిధా", ఎడమ "బామ", కుడి "డాహాణ". మనం పెట్రోలు బంకు అంటాం, ఇక్కడ "పంపు" అని అడగాలి.

కొండ వాలుల్లో నడిచి వెళ్ళే పరజా, గదబ, కొంధ్ గిరిజన ఆడవాళ్ళని అడగకుండా ఫొటోలు తీయకండి. సంత రోజైతే తట్టలు, మేకలతో రోడ్డు పొడుగునా జనం ఉంటారు, హారను మోత మోగించకుండా నెమ్మదిగా దాటండి.

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సెమిలిగుడ చేరతారు. పక్కనే సునాబేడ, విమానాల ఇంజన్లు తయారుచేసే హెచ్‌ఏఎల్ ఊరు. అందుకే ఇక్కడ అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉంటారు, అన్నం హోటళ్ళూ బాగుంటాయి. అన్నం, దాల్మా తినండి. దాల్మా అంటే పప్పులో కూరముక్కలన్నీ వేసి ఉడికించింది, మన ముద్దపప్పుకీ సాంబారుకీ మధ్యలో ఉంటుంది. టిఫినుగా బరా (మన గారె), ఘుగుని (బఠాణీల కూర). దారిలో ఎవరైనా "మాండియా పేజ్" ఇస్తే వద్దనకండి, మన చోడి అంబలే అది, ఎండలో వచ్చిన కడుపుకి దానికంటే హాయి ఉండదు. భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు కూర్చోండి. ఒంటరి ప్రయాణంలో నిద్ర ముంచుకొచ్చేది సరిగ్గా ఇక్కడే, ఘాటీ గండం గడిచిందని మనసు సడలినప్పుడు. ఇంటికి రెండో మెసేజి పెట్టండి.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి, 1,672 మీటర్లు, ఈ చుట్టుపక్కలే ఉంది. "ఒంటిగంటే కదా, ఎక్కేసి వద్దాం" అనిపిస్తుంది. వద్దు. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. మర్నాడు తెల్లవారుజామున వెళ్తే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి, ఆ చూపు మధ్యాహ్నం దొరకదు.

10. కొరాపుట్‌లో ఆగండి, మా జయపురం దాకా రావద్దు

మా ఊరు కొరాపుట్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మా ఇంటికి రమ్మనే నా మేనల్లుడికి చెప్పాలని ఉంది. కానీ కొరాపుట్ నుంచి జయపురానికి మళ్ళీ ఘాటీ దిగాలి. పొద్దున్నుంచి బండి మీద ఉన్న చేతులు, మణికట్టు నొప్పి, పడమటి ఎండ నేరుగా కళ్ళల్లోకి. అలసిన మనిషి దిగుడు ఘాటీలోనే తప్పు చేస్తాడు. కాబట్టి "ఒరేయ్, రాత్రి కొరాపుట్‌లో పడుకుని పొద్దున్న టిఫినుకి రా" అన్నాను. మీకూ అదే చెబుతున్నాను.

రెండున్నర, మూడింటికి కొరాపుట్ చేరతారు. లాడ్జికి ఒరిజినల్ ఆధార్ కావాలి. గది చూసి, తలుపు గడియ లోపలి నుంచి సరిగ్గా పడుతుందో చూసి, బండి లోపల పెట్టే చోటుందో అడిగి అప్పుడు డబ్బు కట్టండి. ఒంటరిగా వచ్చే ఆడపిల్లలైతే గది ముందురోజే ఫోన్లో మాట్లాడుకోవాలి, మెయిన్ రోడ్డు మీద మనుషుల అలికిడి ఉండే చోట తీసుకోవాలి. నా చెల్లెలి కూతురు అలాగే వచ్చి వెళ్ళింది.

11. సాయంత్రం

ముందు బండి పని, తర్వాత స్నానం. ఇంజను చల్లారాక ఆయిలు, చెయిన్ చూడండి, టైర్లలో మేకు గుచ్చుకుందేమో చేత్తో తడమండి. ఘాటీ మట్టి హెడ్‌లైటు మీద, వెనక లైటు మీద పేరుకుంటుంది, తుడిచేయండి. ఫోను, పవర్ బ్యాంకు ఛార్జింగుకి పెట్టి ఇంటికి మూడో కబురు పంపండి. ఈసారి మెసేజి కాదు, ఫోనే చేయండి, గొంతు వినాలి వాళ్ళు.

తర్వాత నడుచుకుంటూ శబర శ్రీక్షేత్రానికి వెళ్ళండి. కొండ మీద ఉన్న జగన్నాథ ఆలయం ఇది. అందులోకి కులమతాల పట్టింపు లేకుండా అందరూ వెళ్తారు. మెట్ల మీద కూర్చుంటే ఊరంతా కింద దీపాలు వెలుగుతూ కనబడుతుంది. దిగేటప్పుడు ఒక కప్పు కొరాపుట్ కాఫీ తాగండి, ఈ కొండల మీద పండిన గింజలే.

ఎనిమిదిన్నరకల్లా పడుకోండి. అలారం ఐదింటికి. పొద్దున్న లేవగానే కిటికీ తీసి వీధి దీపం వైపు చూడండి. దీపం చుట్టూ వెలుగు వలయంలా కనబడితే ఇంకా మంచు ఉందన్నట్టు, మరో గంట పడుకోవచ్చు.